ఎడమ కార్బురేటర్

కారేపల్లి నుంచి ఇల్లందు పోయే రోడ్డు మీద, ఊరు దాటాక కుడిచేతి వైపు రేకుల షెడ్డు ఒకటుంది. బయట బోర్డు మీద 'చందూలాల్ మెకానిక్' అని ఉంటుంది. బోర్డు రాయించింది చందూలాలే కాబట్టి అందులో అతని పేరుండటం న్యాయమే. కానీ ఖమ్మం నుంచి, కొత్తగూడెం నుంచి మెకానిక్కులు బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పంపే గుడ్డసంచుల మీద మాత్రం 'కమ్లి, కారేపల్లి' అనే రాసి ఉంటుంది. ఆ సంచుల్లో వచ్చేవి కార్బురేటర్లు. పాత బండ్లవి, ఎవరూ ముట్టుకోనివి, ముట్టుకుని చెడగొట్టినవి. కమ్లి వాటిని విప్పి, కడిగి, సరిచేసి, అదే సంచిలో వేసి మర్నాటి బస్సుకు తిప్పి పంపుతుంది.

కమ్లి చందూలాల్ భార్య. నలభై ఐదేళ్లుంటాయి. పుట్టింది కారేపల్లికి అవతలి తండాలో. ఐదో తరగతితో చదువు అయిపోయింది గానీ తల్లి దగ్గర అద్దాల కుట్టు నేర్చుకోవడం మాత్రం పెళ్లయ్యేదాకా అయిపోలేదు. గోరంత అద్దం చుట్టూ దారం తిప్పి అది కదలకుండా బిగించడం నోటితో చెప్పినంత తేలిక కాదు. కుట్టు వంకర పోతే ఆ తల్లి తిట్టేది కాదు, కొట్టేది కాదు. మాట్లాడకుండా మొత్తం విప్పి మళ్లీ కూతురి చేతికిచ్చేది. ఓపిక అనండి, మొండితనం అనండి, కమ్లికి అది అక్కడే పట్టుబడింది.

చందూలాల్ మంచి పనివాడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు. అయితే చిన్న వస్తువంటే అతనికి ఒళ్లు మంట. ఒక స్క్రూ చేతిలోంచి జారిందంటే ఆ స్క్రూ వంశం మొత్తాన్ని తిట్టి గానీ వెతకడం మొదలుపెట్టడు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు, స్క్రూ ఊడి రావడం లేదని కార్బురేటర్‌ను పట్టుకుని రోడ్డు అవతల పొదల్లోకి విసిరేశాడు. కమ్లి వెళ్లి ఏరుకొచ్చింది. గిన్నెలో కిరసనాయిలు పోసి నానబెట్టి, మర్నాడు మెల్లగా తిప్పితే స్క్రూ వచ్చేసింది. ఆ రోజు నుంచి ఆ పని ఆమెది. తన పెద్దమనసు వల్లనే భార్యకు ఆ విద్య వచ్చిందని చందూలాల్ ఇప్పటికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనిద్దాం, పోయేదేముంది.

ఆమె పద్ధతి ఆమెది. బల్ల మీద కాదు, కింద చాప మీద కూర్చుని చేస్తుంది. విప్పిన ప్రతి ముక్కా స్టీలు పళ్లెంలోకి పోవాలి, విప్పిన వరసలోనే ఉండాలి. కార్బురేటర్ లోపల జెట్ అని ఒక చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాని నడుమ ఉన్న బెజ్జంలోంచే పెట్రోలు కొలత ప్రకారం ఇంజనులోకి పోతుంది. ఆ బెజ్జం వెంట్రుక దూరేంత. మడ్డి చేరి పూడుకుపోతే బండి ఆగిపోతుంది. చాలామంది మెకానిక్కులు వైరుతోనో పిన్నుతోనో పొడిచి పని అయిందనిపిస్తారు. కమ్లి మాత్రం కొండచీపురు కొసన ఉండే ఎండు పోచ తుంచి, దానితో తీస్తుంది. ఇత్తడి కంటే మెత్తనిదేదో దానితోనే తీయాలి, ఇనుము పెడితే బెజ్జం పెద్దదవుతుంది. ఎవరైనా సూది పెట్టి గీరిన జెట్ పంపితే, సంచి తెచ్చిన డ్రైవరు ముందే ఆమెకు ఎక్కడలేని కోపం వస్తుంది.

"సూది పెట్టినోని చేతికి వాత పెట్టమన్ననని చెప్పు" అని కబురు పంపుతుంది.

ఆ కోపానికి ఒక కారణముంది. అది చందూలాల్‌కు కూడా తెలియదు. పని మొదలుపెట్టిన కొత్తలో కమ్లి కూడా సూదే పెట్టింది. అద్దాలు కుట్టిన చేతికి సన్నని బెజ్జం కనబడితే సూది గాక ఇంకేం గుర్తొస్తుంది? తల్లి ఇచ్చిన సన్న సూదితో పొడిచి, తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, శుభ్రంగా ఉందనుకుని బిగించేది. కొన్నాళ్లకు, ఖమ్మంలో స్పేర్‌పార్ట్స్ దుకాణం నడిపే మోతీలాల్ అనే పెద్దాయన, జెట్ మీద ఉండే అంకె ఆ బెజ్జం కొలత అని మాటల్లో చెప్పాడు. కమ్లి తిరిగి రాగానే సూది దారాల డబ్బా షెడ్డులోంచి తీసి ఇంట్లో పెట్టేసింది. అప్పటికి తాను సూది పెట్టినవి మూడో నాలుగో బండ్లు. అవి ఎవరివో వెతకలేదు. ఎక్కడో తుక్కులో కలిసిపోయి ఉంటాయని తనకు తాను చెప్పుకుంది.

తుక్కులో కలవని బండి ఒకటి పోయిన ఫిబ్రవరిలో ట్రాలీ ఆటో ఎక్కి షెడ్డు ముందుకొచ్చింది.

తెచ్చినాయన స్తెఫను. ఇల్లందు బొగ్గు గనిలో, కార్మికులకు నెత్తి దీపాలిచ్చే ల్యాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆదివారాలు అడవి గూడేలకు వెళ్లి ప్రార్థనలు చేయించేవాడు. బండి రాజ్‌దూత్ త్రీఫిఫ్టీ. దానికి అన్నీ రెండేసి: రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు, రెండు కార్బురేటర్లు. యాక్సిలేటరు తిప్పితే రెండు కార్బురేటర్లూ ఒక్కసారే తెరుచుకోవాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే బండి నడవదు, కుంటుతుంది.

"చెల్లె, దీన్ని మల్ల లేపాలె" అన్నాడు స్తెఫను. "ఇరవై మూడేండ్ల సంది మూలకు పడున్నది. రిటైరైనంక ఏం తోస్తలేదు. మల్ల దీని మీదనే గూడేలకు పోవాలనున్నది."

"ఏమైంది దీనికి?" అని అడిగింది కమ్లి, అప్పటికే ట్యాంకు కింది పెట్రోలు కుళాయి కట్టేస్తూ.

"నా తమ్ముడు చంపిండు."

స్టూలు లాక్కుని కూర్చుని చెప్పుకొచ్చాడు. అప్పట్లో శనివారం ఈ షెడ్డులోనే సర్వీసు చేయించుకుపోయాడు. చందూలాల్ రోడ్డు మీద దౌడు తీయించి చూపిస్తే బాణంలా పోయింది, ఆ దౌడు మీదే ఇల్లు చేరాడు. ఆదివారం పొద్దున్నే తమ్ముడు జోయెల్ అన్నకు చెప్పకుండా బండి తీసుకుపోయి వాగు దాటించాడు. సోమవారం తాను ఎక్కేసరికి ఎడమ వైపు సిలిండరు పనిచేయడం మానేసింది. మెల్లగా పోతే ఆగిపోతుంది, నల్లగా పొగ వస్తుంది, ప్లగ్గు తడిసిపోతుంది. ఇంకో ఊరి మెకానిక్కుకు చూపిస్తే ఇంజనులోకి నీళ్లు పోయాయన్నాడు. పిస్టను మార్చినా బాగుపడలేదు.

"మీ తమ్ముడు ఏమన్నడు?"

"ఇంజను బంద్ చేసి, సైలెన్సర్లల్ల గుడ్డలు కుక్కి, నూక్కుంట దాటిచ్చిన అన్నడు. చుక్క నీళ్లు పోలేదన్నడు. చర్చిల అందరి ముందట నిలబెట్టి అడిగిన. అదే మాట. దేవుని ముందట నిలబడి అబద్ధమాడుతున్నవ్, నువ్వు నా తమ్మునివే కాదన్న. ఆ నెలనే ములకలపల్లికి పోయిండు, అత్తగారింటికి. అప్పటిసంది మాటల్లేవు. అమ్మ పోయిననాడు గూడ చెరొక దిక్కు నిలబడ్డం."

చెప్పి, టీ తాగి, నాలుగు రోజుల్లో వస్తానని ఇల్లందు బస్సెక్కాడు స్తెఫను. కమ్లి క్లిప్పులు వదులు చేస్తూ ఉండిపోయింది. శనివారం సర్వీసు చేశామంటే కార్బురేటర్లు తాను ముట్టుకున్నవే. ఆ ముక్క మనసులోంచి తోసేయడానికి చాలా ప్రయత్నం చేసింది.

ఇరవై మూడేళ్ల మట్టి కదా, అంత తేలిగ్గా ఊడి రాలేదు. రబ్బరు గొట్టాలు రాయిలా గట్టిపడ్డాయి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, అవి మెత్తబడేదాకా కూర్చుని, అటూ ఇటూ తిప్పుతూ కార్బురేటర్లను ఒక్కొక్కటే బయటికి లాగింది. పైమూత విప్పి, కేబులుకు వేలాడుతూ గాలిదారి తెరిచే పిస్టనులాంటి స్లైడును, దాని కింది సూదిముల్లును జాగ్రత్తగా తీసింది. ఎడమ కార్బురేటర్‌వి ఎడమ పళ్లెంలో, కుడివి కుడి పళ్లెంలో. రెండూ చూడటానికి ఒకటే గానీ ఇటుది అటు వేస్తే పనికిరాదు. కింద పెట్రోలు నిలిచే గిన్నెలు విప్పితే లోపల బెల్లంపాకం లాంటి మడ్డి, తెల్లటి పొడి. కడిగింది, మళ్లీ కడిగింది. ఆఖరున లోతుగా ఉండే చిన్న జెట్లు రెండూ తీసి, ఒక్కోటి రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఎండకు చూసింది.

కుడి జెట్‌లో సన్నని గుండ్రని వెలుగు కనిపించింది. ఎడమ దాంట్లో వెలుగు పెద్దది, ఒక పక్కకు సాగి ఉంది. బెజ్జం అంచున గీతలున్నాయి.

కొండచీపురు పోచలు తుంచుకొచ్చింది. కుడి జెట్‌లో ఒక పోచ పట్టింది, రెండోది పట్టలేదు. ఎడమ దాంట్లో ఒకటి పట్టింది, రెండోది పట్టింది, మూడోది కూడా దూరింది. కమ్లి చేతిలోని జెట్‌ను పళ్లెంలో పెట్టేసింది.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఒక బండికి రెండు జెట్లు చేయడం ఆమెకు అదే మొదటిసారి. కుడిది పెట్రోలులో ముంచి ఊదితేనే తెరుచుకుంది. ఎడమది మొండికేసింది. సూది గుచ్చి బలంగా తిప్పితే మొన విరిగింది. దాన్ని లాగి తీసి, వెలుతురు కనబడిందని బిగించేసింది. తల్లి ఇచ్చిన సూది విరిగిందని ఆ రోజు ఏడ్చింది కూడా. సూది కోసం ఏడ్చింది, బండి సంగతి తలచుకోనే లేదు. చందూలాల్ చూసుకున్నాడు కదా అంటే, అతను దౌడు తీయించే చూస్తాడు. ఆ చిన్న జెట్ పని ఉండేది బండి మెల్లగా నడిచేటప్పుడు. దౌడుకు వేరే పెద్ద జెట్ ఉంటుంది, అప్పుడు దీని జబ్బు బయటపడదు.

సాయంత్రం భర్తను కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. వాళ్లింట్లో మాట లంబాడీలో సాగుతుంది, మనం తెలుగులోనే విందాం.

చందూలాల్ బుర్ర గోక్కున్నాడు. "గిదేం పెద్ద సంగతే?" అన్నాడు. "మోతీలాల్‌కు ఫోన్ కొడితే పొద్దుగాల బస్సుల కొత్త జెట్లు వస్తయ్. బిగిచ్చి ఇయ్యి. బండి నడుస్తది, ఆయన ఖుషీ అయితడు. ఇరవై మూడేండ్ల సంగతి ఎవడడుగుతడు?"

"ఎవడు అడగడు."

"మరింకేంది?"

"ఆ జోయెల్ నిజం చెప్పిండు. అబద్ధికుడని పేరు పడ్డది."

"నువ్వు చెప్తే నీకు పడుతది పేరు. కమ్లి చేతిల కార్బురేటర్ ఖరాబైందని ఇల్లందు సంది భద్రాచలం దాక చెప్పుకుంటరు. ఒక్క సంచి గూడ రాదు మల్ల."

అందులో అబద్ధమేమీ లేదు. ఆ సంచుల మీద తన పేరు చూసుకున్నప్పుడల్లా కమ్లికి కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. తండాలో ఆడదాని పేరు రేషను కార్డు మీద, ఓటరు లిస్టులో ఉంటుంది. బస్సెక్కి ఊళ్లు తిరిగే పేరు ఆమెది ఒక్కటే. అది పోతే ఏమవుతుందో ఆలోచించుకోవడానికి కూడా ఆమెకు భయమేసింది. అయినా భయం భయమే, జోయెల్ జోయెలే. మొహం కూడా సరిగా గుర్తులేని ఆ మనిషి ఇరవై మూడేళ్లు తన తప్పు మోశాడు.

"ముందు నా తప్పేనా, నీళ్ల తప్పా తేలాలె" అంది.

కొత్త జెట్లు మర్నాడు వచ్చాయి. రెండు వైపులా కొత్తవే బిగించింది. పగిలిన రబ్బర్లు మార్చింది. ఇక రెండు స్లైడులూ ఒక్కసారే లేచేలా కేబుళ్లు సరిచేయాలి. దానికి ఆమె దగ్గర మీటర్లూ గీటర్లూ లేవు. రెండు చూపుడువేళ్లు రెండు కార్బురేటర్ల నోళ్లలో పెట్టి స్లైడుల కింద ఆనించి, కళ్లు మూసుకుంటుంది. చందూలాల్ యాక్సిలేటరును నూలుపోగంత తిప్పుతాడు. ఏ వేలి మీద ముందు కదలిక తెలిస్తే ఆ పక్క కేబులు బిగువుగా ఉన్నట్టు.

"ఎడమది ముందు లేస్తున్నది. జెర వదులు చెయ్యి. ఇంగ జెర. ఆగు. మల్ల తిప్పు."

ఇట్లా గంటన్నర. చిన్న వస్తువంటే ఒళ్లు మంటెత్తే చందూలాల్ ఈ పని ఒక్కటి మాత్రం నోరెత్తకుండా చేస్తాడు. భార్య కళ్లు మూసుకుని ఉంటే అతనికి తిట్టడానికి ధైర్యం చాలదేమో.

ఏడో కిక్కుకు బండి అందుకుంది. పొగ కక్కి, దగ్గి, మెల్లగా కుదురుకుంది. కమ్లి వెనక్కి వెళ్లి రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు పెట్టింది. రెండు చేతులకూ గాలి ఒకేలా తగులుతోంది. యాక్సిలేటరు వదిలేసినా ఎడమ పక్క ఆగలేదు.

"అయిపోయింది. స్తెఫనన్నకు ఫోన్ కొడుత" అన్నాడు చందూలాల్ ఫోను తీస్తూ.

"ఆగు. ఇంజను బంద్ చెయ్యి."

ఆమె పాత ఎడమ జెట్ తీసుకుని కుడి కార్బురేటర్‌లో బిగించింది. చందూలాల్‌కు అర్థం కాలేదు, అర్థమయ్యాక నెత్తి పట్టుకున్నాడు.

"బాగైన బండిని మల్ల ఎందుకే చెడగొడుతున్నవ్?"

"కొట్టు కిక్కు."

ఇప్పుడు కుడి పక్క నల్లటి పొగ వచ్చింది. రెండు నిమిషాలకు కుడి సిలిండరు నీరసించి ఆగిపోయింది. ఎడమ పక్క నిక్షేపంగా నడుస్తోంది. ప్లగ్గు విప్పితే తడి. దాన్ని తుడిచి, ఆ జెట్‌నే తీసి ఎడమ పక్క పెట్టింది. ఎడమ సిలిండరు ఆగిపోయింది. సూది పడని పాత కుడి జెట్‌ను ఎడమ పక్క పెట్టింది. బండి నడిచింది. అంటే జబ్బు పాతబడటం వల్ల రాలేదు, ఇంజనులోకి నీళ్లు పోవడం వల్లా రాలేదు. ఆ ఒక్క జెట్ ఎటుపోతే జబ్బు అటే పోతోంది. విప్పడం, బిగించడం, విప్పడం. పొద్దు తిరిగిపోయింది. వేళ్ల చివర్లు పెట్రోలుకు తెల్లగా పాలిపోయాయి. ఆఖరికి రెండు వైపులా కొత్త జెట్లే మళ్లీ బిగించి, పాత ఎడమ జెట్‌ను తుడిచి కొంగు చివర ముడివేసుకుంది.

"ఇప్పుడు కొట్టు ఫోన్" అంది.

స్తెఫను మర్నాడు పొద్దున వచ్చాడు. బండి తనంతట తాను నిలకడగా కొట్టుకుంటుంటే దూరం నుంచే విని, నడక వేగం పెంచాడు. ట్యాంకు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. ఆ మనిషి ముఖంలో అంత సంతోషం చూసి కమ్లి కొంగు ముడి తడుముకుంది. నిజం చెప్పొద్దూ, ఒక్క నిమిషం మొగుడి సలహానే బాగుందనిపించింది. కానీ ఆ నిమిషం దాటిపోయింది. స్టూలు వేసి కూర్చోమంది. కొంగు ముడి విప్పి, జెట్ ఆయన అరచేతిలో పెట్టింది. సూది దగ్గర మొదలుపెట్టి నిన్నటి పరీక్ష దాకా ఒక్కటీ దాచకుండా చెప్పింది.

స్తెఫను జెట్ వంకే చూస్తూ కూర్చున్నాడు. చందూలాల్ కంగారుపడి టీ తెచ్చాడు. టీ చల్లారిపోయింది.

"గప్పుడే చెప్పకపోయినవా చెల్లె" అన్నాడు చివరికి.

"గప్పుడు నాకు తెల్వదన్నా. సూది పెట్టొద్దని తెలిసినంక, ఏ బండ్లకు పెట్టిన్నో ఎతకకపోతిని. అది మాత్రం నా తప్పే. నువ్వు ఏమన్నా పడుత."

"నిన్నేమంట. వానిని మందిల నిలబెట్టిన నేను."

"పోయి చెప్పన్నా మరి."

స్తెఫను తల అడ్డంగా తిప్పాడు. "నేను పోను. ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

"నీ మొఖం వద్దు, నాది ఉన్నది. చెప్పేది నేను. నువ్వు తోలు, చాలు."

"నీకేం పనమ్మా అక్కడ?"

"నా జెట్ చేసిన పని అక్కడిదాక పోయింది. నేను పోకుంటే ఎట్ల?"

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. కమ్లి అప్పటికే కొంగు నడుముకు చెక్కి బండి పక్కన నిలబడింది. ఆమె అట్లా నిలబడితే మళ్లీ కదిలించడం కష్టమని చందూలాల్‌కు ఇరవై ఐదేళ్ల అనుభవం. అతను షట్టరు దించాడు. పరాయి మనిషి బండి మీద భార్య ఒక్కత్తే పోవడమేంటని మనసులో ఉన్నా, "దారిల ఆగిపోతే ఎవలు చూస్తరు" అని సాకు చెప్పి, పానాల సంచితో తన టీవీఎస్ మీద వెనకే బయల్దేరాడు.

ఇల్లందు దాటారు, కొత్తగూడెం చేరారు. కమ్లి దారి పొడవునా ఎడమ సైలెన్సరు వైపే చెవి పెట్టి కూర్చుంది. కొత్తగూడెంలో బొగ్గు లారీల వెనక చిక్కుకుని నత్తనడక నడవాల్సి వచ్చింది. ఒకప్పుడు ఆ బండి ప్రాణం తీసిన నడక అదే. ఎడమ సిలిండరు చెక్కుచెదరలేదు. స్తెఫను తల తిప్పి, "ఆగుతలేదు చెల్లె" అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఎంతో దిగులు కూడా అంతే ఉంది.

కొత్తగూడెం దాటాక అడవి మొదలైంది. టేకులు ఆకు రాల్చి ఉన్నాయి. ములకలపల్లి దగ్గరపడే కొద్దీ స్తెఫను బండి వేగం తగ్గిస్తూ వచ్చాడు. రోడ్డు బాగానే ఉంది, అడ్డం ఎవరూ లేరు. సైకిలు మీద పోయే ఒక ముసలాయన వీళ్లను దాటిపోయాడు. ఇదివరకటిలా బండి ఆగిపోతే బాగుండునని స్తెఫను అనుకున్నాడేమో గానీ, ఎడమ కార్బురేటర్ ఆయనకు ఆ సాయం చేయలేదు.

జోయెల్ ఊరి చివర పిండి గిర్ని నడుపుతున్నాడు. అడిగితే నలుగురూ చూపించారు. బండి చప్పుడుకు గిర్ని ఆపి గడపలోకి వచ్చాడు. యాభై దాటిన మనిషి, కనుబొమల మీద పిండి. ముందు బండిని గుర్తుపట్టాడు, తర్వాత తోలుతున్న మనిషిని. కాలు గడప దాటి బయటికి రాలేదు. స్తెఫను కూడా బండి దిగలేదు, ఇంజను ఆపలేదు. రెండు చేతులూ హ్యాండిలు మీదే పెట్టి, ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగడుగులు వెనక చందూలాల్ టీవీఎస్ ఆపుకుని, ఎటు చూడాలో తెలియక ఆకాశం వైపు చూశాడు.

కమ్లి దిగి గడప దగ్గరికి నడిచింది.

"అన్నా, నేను కమ్లిని. కారేపల్లి దగ్గర మెకానిక్ చందూలాల్ భార్యను. ఈ బండి ఎడమ దిక్కు నడవకపోవుడు నువ్వు చేసింది కాదు, నేను చేసిన."

షెడ్డు దగ్గర స్తెఫనుకు ఎట్లా చెప్పిందో ఇక్కడా అట్లాగే, తగ్గించకుండా, పెంచకుండా చెప్పింది. గిర్నీకి గింజలు తెచ్చిన ఇద్దరు ఆడవాళ్లు గంపలు దించుకుని మరీ విన్నారు. ఆమె గొంతు తగ్గించలేదు. జోయెల్ మీద నింద నలుగురిలో పడింది, నలుగురిలోనే పోవాలి. చెప్పి, స్తెఫను తిరిగిచ్చిన జెట్‌ను జోయెల్ చేతిలో పెట్టింది.

జోయెల్ దాన్ని వెలుతురుకు పట్టి చూడలేదు. పిడికిట్లో పెట్టుకున్నాడు.

"నువ్వు చెప్పకుంటే ఎవలకన్న తెలుస్తుండెనా చెల్లె?"

"తెల్వకపోవు."

"మా అమ్మ గూడ నమ్మలే నన్ను. పోయేటప్పుడు, ఒప్పుకోరాదురా అన్నది." కనుబొమల మీది పిండి తుడుచుకున్నాడు. "నువ్వు నా మీద ఏం నింద ఎయ్యలేదు. జెట్ ఖరాబు చేసినవ్, అంతనే. అబద్ధికుడన్నది నువ్వు కాదు గద."

వెనక బండి నిలకడగా కొట్టుకుంటూనే ఉంది. జోయెల్ అన్న వైపు చూడకుండానే అడిగాడు.

"ఆయన ఏమంటడు మరి?"

"నాది నేను చెప్పుకున్న" అంది కమ్లి. "ఆయనది నేను చెప్పరాదు."

ఆ మాట బండి దాకా వినిపించింది. గంపల ఆడవాళ్లు బండి వైపు తిరిగారు. ఆమె ఇంత దూరం వచ్చి చేయగలిగింది అయిపోయింది. ఇంక ఒక్క అడుగు కూడా ఆమె చేతిలో లేదు. పానా పట్టి తిప్పేది కాదు అది.

స్తెఫను ఇంజను ఆపాడు. ఆ చప్పుడు ఆగిపోగానే వీధి ఖాళీ అయినట్టయింది. దిగబోయి కాలు ఎత్తితే, ఎనభై కిలోమీటర్లు ముడిచి ఉంచిన మోకాలు సాగలేదు. బండి ఒక పక్కకు ఒరిగింది. కమ్లి అటు పరిగెత్తబోయి ఆగిపోయింది, ఎందుకంటే జోయెల్ ఆమెను దాటుకుని గడప దిగాడు. ఒక చేత్తో హ్యాండిలు అందుకుని, రెండో చెయ్యి అన్న చంక కింద వేశాడు.

"అందరి ముందట అన్న రా ఆ మాట" అన్నాడు స్తెఫను, కిందికి చూస్తూ. "వాళ్లల్ల సగం మంది పోయిండ్రు. ఎవలకని చెప్పాలె ఇప్పుడు?"

"నాకు చెప్పు" అన్నాడు జోయెల్. "మెల్లగ దిగి చెప్పు."